గళ్ళు కలిసిన అంగి

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. కేసుల్లోంచి వచ్చిన కుర్రాళ్ళతో ఎలా మాట్లాడాలి మేడం, వాళ్ళ కోపాన్ని ఎలా తట్టుకోవాలి అని అడుగుతారు. కుర్రాళ్ళతో నాకెప్పుడూ పెద్ద బాధ లేదు. అబద్ధమాడితే మొహంలో తెలిసిపోయేది, ఆకలేస్తే అన్నం అడిగేవాళ్ళు. సర్వీసంతా నన్ను సతాయించింది మంచివాళ్ళు. మంచి మనసుతో, చేతుల నిండా సంచులతో, వచ్చేముందు ఒక ఫోన్ కూడా చేయకుండా వచ్చిపడే మంచివాళ్ళు. వాళ్ళను ఎలా తట్టుకోవాలో నన్నెవరూ అడగరు. అడక్కపోయినా చెప్తాను, వినండి.

నా చివరి పోస్టింగ్ మధురానగర్‌లో ఒక గల్లీలో ఉన్న హోం. చిన్న వయసులో కేసుల్లో ఇరుక్కుని, గడువు పూర్తి చేసుకుని, ఇంటికి పోలేని కుర్రాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. ఇరవై ఒకటో ఏడు నిండేదాకా తిండి, పడక పెట్టి, ఒక పని నేర్పించి, ఆపైన నీ బతుకు నువ్వు బతుకు అని పంపించాలి. కాగితం మీద నా హోదా సంక్షేమ అధికారి. చేసేదేమో పప్పులో ఉప్పు చూడటం నుంచి పోలీస్ స్టేషన్‌కు పోయి బతిమాలుకోవడం దాకా అన్నీ.

మా పక్కన ఆడపిల్లల హాస్టల్, ఎదురుగా మగపిల్లల హాస్టల్, గల్లీ మొదట్లో జిరాక్స్ షాపు, ఇడ్లీ బండి. కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేటకు వచ్చే పిల్లలతో ఆ చుట్టుపక్కల కాలు పెట్టడానికి చోటుండదు. అంతమందిలో మావాళ్ళూ కలిసిపోవాలనే ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. గేటుకు బోర్డు లేదు. ఎవరైనా అడిగితే బాయ్స్ హాస్టల్ అని చెప్పాలి. ఇందులో నాకు పేచీ లేదు. కుర్రాడి పాత కేసు ఊరందరికీ తెలియకూడదని చట్టమే చెప్తుంది.

మా సూపరింటెండెంట్ గారు ఇంకో శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. కోస్తా మనిషి, మెత్తని మాట, ఎవరినీ కాదనలేని జబ్బు. గోప్యత ఆయనకు ప్రాణం. పోస్ట్‌మన్‌కు కూడా హోం అని చెప్పొద్దన్నారు. కూరగాయలబ్బాయి ముందు కోర్టు అన్న మాట ఎత్తితే కళ్ళతో వారించేవారు. అలాంటాయన, ఒక దాత తానుల కొద్దీ బట్ట పంపితే దాంతో మా టైలరింగ్ పిల్లల చేతే మావాళ్ళందరికీ ఒకే రకం చొక్కాలు కుట్టించారు.

మాది నేత పనివాళ్ళ ఊరు. మా నాయన మగ్గం మీద కూర్చుని పెంచిన పిల్లను నేను. బట్ట చేత్తో పట్టుకుంటే మంచిదో చెడ్డదో తెలుస్తుంది. ఇది మంచి బట్టే, గట్టిది, రంగు పోదు. రంగు పోకపోవడమే దాని దోషం. పసుపు మీద ముదురు ఊదా గళ్ళు, ఒక్కో గడి అరచేయంత. ఏ దుకాణంలోనూ ఎవరూ కొనక గోదాంలో పడి ఉన్న సరుకని చూడగానే అర్థమైంది. అందరికీ ఇదే తొడిగితే గల్లీలో గుర్తుపట్టరా సార్ అని అడిగాను. అందరూ సమానంగా కనిపించాలి కదా మేడం గారూ అన్నారాయన. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఏమిటో నాకు ఆ రోజు కళ్ళారా కనిపించింది.

వారం తిరక్కముందే గల్లీలో మావాళ్ళకు పేరు పడింది. షామియానా పోరలు. ఇడ్లీ బండి ఆమె పెట్టిన పేరది. సూపర్ మార్కెట్‌కు పోతే గార్డు వెనకాలే తిరిగేవాడు. మెట్రో స్టేషన్‌లో ముందు వీళ్ళ సంచులే తెరవమనేవాళ్ళు. గల్లీలో ఒక పిల్ల ఫోన్ కనిపించకపోతే ఆ పిల్ల తమ్ముడు నేరుగా మా గేటు దగ్గరకు వచ్చాడు. ఫోన్ ఆ పిల్ల దిండు కిందే దొరికింది, అయినా క్షమించమని అడగడానికి ఎవరూ రాలేదు. ఈ సంగతి మీటింగ్‌లో చెప్తే, దాత నొచ్చుకుంటారు మేడం, చొక్కాలు పాతబడేదాకా ఓపిక పట్టండి అన్నారు సార్. ఆ బట్ట పాతబడేది కాదని చెప్పాను కదా.

ఇక ఆ కుర్రాడి సంగతి. పేరు చెప్పను. బండ్ల దొంగతనం కేసులో వచ్చాడు. తాళాలు తీసేది వాడి అన్న, గల్లీ చివర నిలబడి ఎవరైనా వస్తున్నారేమో చూసేది వీడు. దొరికినప్పుడు వీడికి పదహారేళ్ళు. అన్న తప్పించుకుని, తర్వాత ఒకసారి లోపలికి పోయి వచ్చి, ప్రతి ఆదివారం మా ఎదురు గోడకు బండి ఆనించి నిలబడేవాడు. ఆ బండికి నంబర్ ప్లేటు ఎప్పుడూ సగం వంగే ఉండేది. తమ్ముడికి సమోసాలు, కొత్త చెప్పులు తెచ్చేవాడు. వాడికి తమ్ముడంటే నిజంగానే ప్రేమ. అదే నాకు భయం.

మా దగ్గర కుర్రాడు టైలరింగ్ నేర్చుకున్నాడు. నేర్చుకోవడమంటే అలా ఇలా కాదు, అన్నం గంట కొట్టినా మిషన్ మీద నుంచి లేచేవాడు కాదు. వాడికి ఇరవై ఒకటి నిండే రోజు దగ్గరపడుతోంది. ఒకరోజు బొత్తాలు కుడుతూ తలెత్తకుండానే నాతో అన్నాడు.

"మేడం, పని దొరకకుంటె అన్న కాడికే పోవాలె. అన్న నాకు ఒకటి చెప్తె నేను కాదనలేను. గది నాకెరుకే."

ఇంత స్పష్టంగా తన సంగతి తాను తెలుసుకున్న మనిషిని మా ఆఫీసర్లలో కూడా నేను చూడలేదు. అప్పటి నుంచి వాడి పని కోసం తిరగడం మొదలుపెట్టాను. పంజాగుట్టలో ఒక పెద్ద బట్టల షోరూంలో ఆల్టరేషన్ కౌంటర్‌కు మనిషి కావాలని తెలిసింది. ఫ్లోర్ మేనేజర్‌తో మాట్లాడాను. పాత కేసు సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, అది వాడి హక్కు. ఒకపూట పని చేయించి చూస్తాం, పంపండి అన్నాడాయన. మాకు బట్ట ఇచ్చిన దాత దుకాణం అదేనని నాకప్పుడు తెలియదు. దాత పేరు సార్ గుండెల్లో దాచుకున్నారు, గోప్యత కదా.

వాడి కోసం తెల్ల చొక్కా ఒకటి కొని, ఇస్త్రీ చేయించి ఇచ్చాను. పొద్దున గేటు దగ్గర చూస్తే గళ్ళ చొక్కాతో బయలుదేరుతున్నాడు. నా ఒళ్ళు మండింది. తెల్లది ఏమైందిరా అని అడిగాను.

"తెల్లంగి ఎవడన్న ఏసుకుంటడు మేడం. గిది నేను కుట్టిన. జర చూడున్రి."

చూశాను. జేబు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. జేబు మీద గడి చొక్కా గడితో గీతకు గీత కలిసిపోయింది. బొత్తాల పట్టీ దగ్గర, భుజం మీద, కాలర్ వెనక ఎక్కడా గడి తెగలేదు. అంతంత గళ్ళున్న బట్టను అలా కలపాలంటే కత్తిరించేటప్పుడే లెక్క తెలియాలి. పని అడగడానికి పోతూ తన పనినే తొడుక్కున్నాడు వాడు. ఇంకేం అంటాను, పో అన్నాను.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ప్యాంట్లు పొట్టి చేయమన్నారు, చేశాడు. ఒక పెళ్ళి షేర్వానీ నడుం దగ్గర తగ్గించమన్నారు, అదీ చేశాడు. మేనేజర్ రేపటి నుంచి రమ్మన్నాడు. అంతలో ఓనర్ పైనుంచి దిగి, వీడి చొక్కా చూసి ఆగాడు. ఈ గుడ్డ ఎక్కడిది అని అడిగాడు. హాస్టల్‌లో ఇచ్చిన్రు అన్నాడు వీడు. ఓనర్ మేనేజర్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఫోన్ చేస్తాంలే పో అన్నారు. అంతా చెప్పి, అన్న గీ ఆయితారం వస్తడా మేడం అని అడిగాడు.

అప్పుడు సార్‌ను నిలదీస్తే దాత ఎవరో బయటపడింది. సాయంత్రమే షోరూంకు పోయాను. ఓనర్ చాలా మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తెప్పించాడు. మీ చేతి మీదుగా ఎంతమంది బతుకులు బాగుపడుతున్నయో అని నాకు దండం పెట్టాడు. ఒక్క బతుకు మీరూ బాగుచేయండి, ఆ పిల్లవాడిని పనిలో పెట్టుకోండి అన్నాను.

"మేడం, తప్పుగ అనుకోకున్రి. పుణ్యం వేరే, ధందా వేరే," అన్నాడాయన. "రేపు కౌంటర్ కాడ ఏమన్న పోతె నేను ఎవల్ని అడగాలె? గా పిల్లగాని మీద పడ్డ నజర్ ఎట్ల తీసేస్త?"

వాడి మీద నజర్ పడేలా చేసింది మీ గుడ్డే అన్నాను. ఆయన దాన్ని పొగడ్తగా తీసుకున్నాడో ఏమో, ఇంకో పది తానులు గోదాంలో ఉన్నాయి, పంపిస్తాను, ప్యాంట్లు కూడా కుట్టించండి అన్నాడు. నేను గుడ్డ వద్దని చెప్పాను. పని కావాలని చెప్పాను. నాకు తెలిసిన తెలుగులో, ఉర్దూలో, చివరికి చేతులతో కూడా చెప్పాను. మర్నాడు పొద్దున ట్రాలీ ఆటోలో తానులు దిగాయి. సార్ మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది.

మెట్ల కింద పేర్చిన ఆ తానుల ముందు నిలబడి చాలాసేపు తిట్టుకున్నాను. కొనేవాడు లేని గుడ్డను మా మీద దులుపుకుని పుణ్యం మూటగట్టుకునే పెద్దమనిషిని, ఆయనకు దండేసే మా సార్‌ను, తెల్ల చొక్కా వేసుకోని మొండివాడిని, అందరినీ తిట్టుకున్నాను. కోపం చల్లారే వేళకు ఒక ఉపాయం తట్టింది. మావాళ్ళ ఒంటి మీద నుంచి ఈ చొక్కా తీయించడం నా చేతిలో లేదు. అమీర్‌పేట ఒంటి మీద వేయడం నా చేతిలో ఉంది.

సార్ దగ్గరకు పోయి, మన పిల్లలు ఎప్పుడూ ఒకరి కొలతలు ఒకరు తీసుకుంటున్నారు, రకరకాల ఒళ్ళ మీద చేయి తిరగాలి, హాస్టల్ పిల్లలకు ఉచితంగా కుట్టిద్దాం, దీన్ని సామాజిక భాగస్వామ్యం అంటారు అన్నాను. ఆ మాట వినగానే ఆయన పెన్ను తీసి రాసుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంటుందని నాకు తెలుసు. ఆయనకు తెలియకపోవడమే నా అదృష్టం.

అమీర్‌పేటలో ఉచితం అన్న మాట గోడల్లోంచి కూడా వినిపిస్తుంది. ఎదురు హాస్టల్ మొత్తం కదిలి వచ్చింది. వరండాలో మావాళ్ళు టేపులు మెడలో వేసుకుని కొలతలు తీస్తుంటే, ఎప్పుడూ వీళ్ళను చూసి ఫోన్ జేబులో పెట్టుకునే పిల్లలు బుద్ధిగా చేతులు చాచి నిలబడ్డారు. మీది ఏ కోర్సు బ్రో అని ఒకడు అడిగితే, టైలరింగ్ అని మావాడు చెప్పాడు. ప్లేస్‌మెంట్ ఉంటుందా అని అడిగాడు వాడు. చూడాలె అన్నాడు మావాడు. మావాళ్ళు అంత నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

కొద్దిరోజులకే జిరాక్స్ షాపు అబ్బాయి, ఇడ్లీ బండి ఆమె మొగుడు, ఎదురు హాస్టల్ వాచ్‌మన్, మెట్రో మెట్లెక్కే పిల్లలు, ఎటు చూసినా పసుపు, ఊదా గళ్ళే. ఇంటర్వ్యూలకు కూడా అవే వేసుకుని పోయారు పాపం కొందరు. మా ఆయన కూడా ఒకటి తొడుక్కుని కూరగాయలకు పోయాడు, నాకోసం కాదు, బట్ట బాగుందని. సూపర్ మార్కెట్ గార్డు ఎవరి వెనక తిరగాలో తెలియక స్టూల్ మీద కూర్చుండిపోయాడు.

సార్ సంబరపడి దాతను సన్మానానికి పిలిచారు. అసలు కథ ఆ రోజే. కారు గల్లీలోకి పట్టక ఓనర్ మొదట్లోనే దిగి నడిచి వచ్చాడు. టీ తాగుతున్న ఒక బక్కపలుచని కుర్రాడి ఒంటి మీద తన గుడ్డ చూసి కరిగిపోయాడు. భుజం మీద చెయ్యి వేసి, జరిగిపోయింది మర్చిపో బిడ్డా, ఇకనన్న మంచిగ బతుకు, దేవుడు అందరికీ ఇంకో మౌకా ఇస్తడు అని చెప్పడం మొదలుపెట్టాడు. కుర్రాడు టీ గ్లాసు పట్టుకుని బిత్తరపోయాడు.

"ఏంటండీ? నేనేం చేశాను? ఒక్క సబ్జెక్టే కదండీ పోయింది. మా నాన్నగారు చెప్పారా మీకు?"

వాడిది రాజమండ్రి దగ్గర ఏదో ఊరు, కోచింగ్‌కు వచ్చాడు. చుట్టూ ఉన్న గళ్ళ చొక్కాలన్నీ నవ్వాయి. ఆ నవ్వేవాళ్ళలో మావాళ్ళు ఎవరో, బయటివాళ్ళు ఎవరో ఓనర్ వెతుక్కున్నాడు. దొరకలేదు. ఎర్రబడిన మొహంతో నా దగ్గరకు వచ్చి, నా గుడ్డ ఎవలకిచ్చిన్రు మేడం అని అడిగాడు. అందరికీ ఇచ్చాం, మీకు పుణ్యం ఎక్కువ వస్తుందని అన్నాను. శాలువా కప్పించుకుని, ఫోటో దిగకుండానే వెళ్ళిపోయాడు. సార్ నాతో పది రోజులు మాట్లాడలేదు. సర్వీసులో నాకు దొరికిన ప్రశాంతమైన రోజులవి.

మైకు సర్దుతుండగా ఇంకొకాయన గేటు తోసుకుని వచ్చాడు. మెట్రో పిల్లర్ పక్కన చిన్న టైలర్ షాపు ఆయనది, వయసు అరవైకి దగ్గర. చేతిలో ఒక గళ్ళ చొక్కా.

"ఏం మేడం, గిది ఏం పని? నా గిరాకంత మీ గల్లీకే పాయె. మీరు ఫుకట్ల కుట్టిస్తె నేను ఏం తిని బతకాలె?"

న్యాయమైన మాట. దాతల మీద అంత మండిపడ్డదాన్ని, దాతృత్వం చేసి ఒక కష్టజీవి కడుపు కొట్టాను చూడండి. కుర్చీ వేశాను. ఆయన కూర్చోలేదు. చేతిలో చొక్కాను తిరగేసి జేబు మీద వేలితో తడిమాడు.

"గిది ఎవడు కుట్టిండు?" అని అడిగాడు. గొంతు కొంచెం తగ్గింది.

కుర్చీలు మోస్తున్న మావాడు ఆగి, నేనే కాకా అన్నాడు. ఆయన వాడిని పైనుంచి కిందికి చూశాడు. గడి ఎట్ల కలిపినవ్, గుడ్డ ఎక్కువ పట్టిందా అని అడిగాడు. వాడు చెప్పాడు. వాళ్ళిద్దరూ కాలర్ గురించి, భుజం కోత గురించి మాట్లాడుకుంటుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఉండబట్టలేక, మా హాస్టల్ పిల్లవాడే, మంచివాడు అని అందుకున్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"ఏం హాస్టల్ మేడం. గీ గల్లీల ఎవలకెరుక లేదు? మీరు దిగిన నాడే ఎరుక," అని, వాడి వైపు తిరిగాడు. "చూడు కొడుకా, కత్తెర నీ చేతికిస్త. గల్లా మాత్రం నా దగ్గరనే ఉంటది. గది ఒప్పుకుంటె రేపు పొద్దుగాల రా."

"ఒప్పుకుంట కాకా," అన్నాడు వాడు. "గల్లా దిక్కు చూడ సుత చూడ."

బోర్డు లేని గేటు, పోస్ట్‌మన్‌కు చెప్పిన అబద్ధాలు, నేను ఊరంతా తొడిగిన చొక్కాలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దండం పెట్టి చాయ్ తాగించిన మనిషి ఇవ్వలేనిది, తగాదాకు వచ్చిన మనిషి ఇచ్చాడు. నీ మీద నాకు అనుమానం ఉంది, అయినా రా అని మొహం మీదే చెప్పాడు. ఆ ఆదివారం అన్న వచ్చి గోడకు బండి ఆనించాడు. వీడు బయటికి పోయి కాసేపు మాట్లాడి వచ్చాడు. ఏమన్నావురా అంటే, అన్న ప్యాంటుకు జిప్పు పోయింది మేడం, షాపుకు తెమ్మన్న అన్నాడు. అన్న ఆ తర్వాత కూడా వచ్చాడు, షాపుకే వచ్చేవాడు.

నేను రిటైరయ్యాను. సార్ సొంత శాఖకు పోయారు. ఆ షాపు అక్కడే ఉంది. పెద్దాయనకు మోకాళ్ళు పట్టేశాక బయట కుర్చీలో కూర్చుంటాడు, మిషన్ మీద వీడే. గల్లా ఎవరి దగ్గరుందో నేను అడగలేదు. లోపల గోడకు గళ్ళ అంగి హ్యాంగర్‌కు వేలాడుతుంటుంది. కొత్త గిరాకి వస్తే పనితనం అదే చూపిస్తాడు. పంజాగుట్ట షోరూంలో సరిచేయలేని షేర్వానీలు రోజూ సాయంత్రం సంచుల్లో ఇక్కడికే వస్తాయి. ఓనర్‌కు తెలుసా అంటే, ఎరుకే ఉంటది మేడం, ఎరుక లేనట్టు ఉంటడు అన్నాడు.

మొన్న మా మేనకోడలి పెళ్ళికని వాడికి పట్టు జాకెట్టు కుట్టమని ఇచ్చాను. రేపిస్త మేడం అన్నాడు. రేపు పోతే, హుక్కులే బాకీ, సాయంత్రం రండి అన్నాడు. సాయంత్రం పోతే కరెంట్ లేదన్నాడు, పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పెళ్ళి పొద్దున పోయి చూస్తే నా గుడ్డ ఇంకా మూట విప్పకుండా అరలో ఉంది. సగమైపోయింది మేడం అన్నాడు, కళ్ళలోకి చూస్తూ, రెప్ప కూడా వేయకుండా. ఒకప్పుడు అబద్ధమాడితే మొహంలో తెలిసిపోయే పిల్లవాడు.

పాత జాకెట్టుతోనే పెళ్ళికి పోయాను. మెట్రో మెట్లు ఎక్కుతూ వాడిని నోరారా తిట్టాను. తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడిని ఇంకెవరూ హోం కుర్రాడని గుర్తుపట్టలేరు. అమీర్‌పేటలో ఏ టైలర్‌నైనా తిట్టినట్టే తిట్టాను నేను.